పంచిన బియ్యానికా, పూడిక తీసిన గెడ్డకా? విశాఖ ఓటు ముందున్న వాతావరణ ప్రశ్న

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచింది. మధ్యాహ్నం తుపాను కన్ను నగరం మీదికి వచ్చిన కాసేపు గాలి పడిపోయింది. గండం గడిచిందనుకుని గుమ్మం దాటిన వాళ్లను అదే గాలి ఈసారి ఎదుటి దిక్కు నుంచి వచ్చి కొట్టింది. మర్నాటికి కైలాసగిరి, సింహాచలం కొండలు ఆకన్నది లేకుండా గోధుమ రంగుకు తిరిగాయి, విమానాశ్రయం పైకప్పు ఊడింది, వీధివీధినా కరెంటు స్తంభాలు నేలకొరిగాయి. పాల ప్యాకెట్టుకూ పెట్రోలుకూ నీళ్ల ట్యాంకరుకూ జనం బారులు తీరారు. నష్టం రూ.21 వేల కోట్లు దాటిందని రాష్ట్ర ప్రభుత్వం లెక్కగట్టింది. ప్రధాని నగరానికి వచ్చి తక్షణ సాయంగా రూ.1,000 కోట్లు ప్రకటించారు.

ఆ తర్వాత రెండు రకాల పనులు జరిగాయి. ఒకటి అందరూ చూసినది: బియ్యం, నిత్యావసరాల పంపిణీ, కూలిన చెట్ల తొలగింపు, నాయకుల పర్యటనలు. రెండోది చాలామంది గమనించనిది: ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల రుణంతో చేపట్టిన విపత్తు పునరుద్ధరణ పథకంలో భాగంగా నగరంలోని కొన్ని ప్రాంతాల్లో కరెంటు తీగలను నేల కిందికి మార్చడం. మొదటి పని అప్పటి ఆకలి తీర్చింది. రెండోది, మరోసారి అంత గాలి వచ్చినా ఆ వీధుల్లో రోజుల తరబడి చీకటి లేకుండా చూస్తుంది. ఎన్నికల సభల్లో మొదటి పని గురించి మాట్లాడినంతగా రెండో దాని గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే దానికి ఓట్లు రాలవని మాట్లాడేవారికి తెలుసు. వాతావరణాన్ని దృష్టిలో పెట్టుకుని ఓటు వేయడమంటే ఏమిటన్న చర్చను విశాఖలో ఇక్కడి నుంచి మొదలుపెట్టడమే సబబు.

ఇది కేవలం అభిప్రాయం కాదు. ఆండ్రూ హీలీ, నీల్ మల్హోత్రా అనే ఇద్దరు పరిశోధకులు అమెరికా ఎన్నికల ఫలితాలను, విపత్తుల ఖర్చులను పక్కపక్కన పెట్టి పరిశీలించి 2009లో ఒక ఫలితం ప్రకటించారు. విపత్తు వచ్చాక సాయానికి ఖర్చు పెట్టిన ప్రభుత్వానికి ఓటర్లు ప్రతిఫలం ఇస్తున్నారు. విపత్తు రాకముందు సన్నద్ధతకు పెట్టిన ఖర్చుకు మాత్రం ఏమీ ఇవ్వడం లేదు. సన్నద్ధతకు పెట్టిన ఒక్క డాలరు ముందుముందు సుమారు 15 డాలర్ల నష్టాన్ని తప్పిస్తుందని కూడా వారే అంచనా కట్టారు. భారతదేశంలో అసెంబ్లీ ఎన్నికలను, వర్షపాత లెక్కలను కలిపి చూసిన మరో అధ్యయనంలోనూ ఇలాంటి పోకడే కనిపించింది: వానలు గతి తప్పిన ఏడు అధికార పక్షానికి ఓట్లు తగ్గుతాయి, సాయం గట్టిగా అందించిన చోట ఆ నష్టం కొంత పూడుతుంది.

దీనికి ఓటరును తప్పుపట్టి లాభం లేదు. అందిన బియ్యం బస్తా కళ్లకు కనిపిస్తుంది, దాని మీద బొమ్మ కూడా ఉంటుంది. జరగకుండా పోయిన నష్టానికి ఫొటో ఉండదు. పూడిక తీసిన కాలువలోంచి నీరు సాఫీగా వెళ్లిపోయిన రాత్రి జనం హాయిగా నిద్రపోతారు. పొద్దున్న లేచి ఎవరికీ కృతజ్ఞతలు చెప్పరు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అన్న సామెత మనకు ఉంది గానీ, చెయ్యి కాలకుండా చూసినవాడిని మెచ్చుకునే సామెత ఒక్కటి గుర్తుకు రాదు. నాయకులు ఈ లెక్క ఎరిగినవారు. ఓటు దేనికి పడుతుందో ఆ పనే చేస్తారు.

పక్క రాష్ట్రం ఈ లెక్కను కొంత మార్చి చూపింది. 1999 అక్టోబరు 29న ఒడిశాను ముంచెత్తిన పెను తుపానులో సుమారు 10 వేల మంది చనిపోయారు. సహాయ చర్యల్లో వైఫల్యంపై జనాగ్రహం మధ్య కొద్ది నెలలకే జరిగిన 2000 ఎన్నికల్లో అక్కడి ప్రభుత్వం మారింది. ఓటమికి తుపాను ఒక్కటే కారణమని అనలేం గానీ, తుపాను నిర్వహణలో విఫలమైతే పదవికే ముప్పని తర్వాత వచ్చినవారికి అర్థమైంది. 1999లోనే విపత్తు నిర్వహణకు ప్రత్యేక సంస్థ ఏర్పడింది, తీరం పొడవునా ఆశ్రయ భవనాలు లేచాయి, ఖాళీ చేయించే పనిలో ఊరి స్థాయి దాకా శిక్షణ సాగింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు లక్షలాది మందిని ముందుగానే తరలించారు. మరణాలు పదుల సంఖ్యకు పరిమితమయ్యాయి. సరిగ్గా ఏడాది తర్వాత అదే తేదీన హుద్‌హుద్ విశాఖకు వచ్చింది. ప్రాణాలు కాపాడే విషయంలో ఆంధ్రప్రదేశ్ కూడా 1977 దివిసీమ ఉప్పెన నాటి స్థితి నుంచి చాలా దూరం వచ్చిందని ఒప్పుకోవాలి. ప్రాణాలు దక్కాక మిగిలేది ఇల్లు, నీరు, కరెంటు, ఉపాధి. అక్కడే పని మిగిలి ఉంది.

ఈ చర్చకు భాష కూడా ఒక చిన్న అడ్డంకి. తెలుగులో రేపటి వానకూ ముప్పై ఏళ్ల సగటుకూ ఒకే మాట వాడతాం: వాతావరణం. పాఠ్యపుస్తకాల్లో శీతోష్ణస్థితి అన్న పదం ఉన్నా దాన్ని పరీక్ష హాలు దాటించి వాడినవారు తక్కువ. దాంతో వాతావరణ మార్పు అనగానే అది వాతావరణ శాఖ చూసుకునే వ్యవహారమనీ, దేవుడి చేతిలోనిదనీ అనిపించడంలో ఆశ్చర్యం లేదు. దేవుడి చేతిలోని దానికి కార్పొరేటరు ఏం సమాధానం చెబుతాడు?

నిజానికి చెప్పాల్సింది చాలా ఉంది. ఏ ఒక్క తుపానునూ భూతాపం పుట్టించిందని తేల్చి చెప్పడం శాస్త్రం పద్ధతి కాదు. అయితే వేడెక్కిన సముద్రం తుపానుకు మేత. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచుతుంది, ఆ తేమంతా ఏదో ఒక రాత్రి ఏదో ఒక ఊరి మీద కురుస్తుంది. తుపానుల సంఖ్య పెరగకపోయినా వాటిలో తీవ్రమైన వాటి వాటా, అవి కురిపించే వాన పెరుగుతాయని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల బృందం చెబుతోంది. పారిశ్రామిక యుగానికి ముందుతో పోలిస్తే 2024 సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువ వేడిగా గడిచి, నమోదైన సంవత్సరాలన్నిటిలోకి వేడి ఏడాదిగా నిలిచింది. విశాఖలో వేసవి ఉష్ణోగ్రత అంకెలు విజయవాడంత భయపెట్టవు. కానీ సముద్రపు తేమ వల్ల చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఇక్కడి మనిషికి ఉక్కపోత అన్న మాట తెలుసు కాబట్టి దీన్ని వివరించనక్కర లేదు.

ఇంత వాన పడినప్పుడు నీరు ఎక్కడికి పోతుందన్నదే మునిసిపల్ ప్రశ్న. విశాఖ నైసర్గిక స్థితి విచిత్రమైనది. ఒక పక్క సింహాచలం, కైలాస కొండలు, మరో పక్క యారాడ కొండ, నడుమ గిన్నెలాంటి పల్లం. కొండల మీద పడిన వాన గెడ్డల్లోకి, అంటే వాగుల్లోకి దిగుతుంది. ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ, మేహాద్రిగెడ్డ లాంటివి ఆ నీటిని ఓడరేవు వైపో సముద్రంలోకో చేర్చాలి. ఈ గెడ్డల్లో ఏదో ఒకదాని గట్టున నిలబడి చూస్తే నగరపాలన అంతా అక్కడే కనిపిస్తుంది. పైన కొండ వాలున ఇళ్లు లేచి మట్టి జారుతుంది. నడుమ గట్టు ఆక్రమణకు గురై గెడ్డ వెడల్పు సగమవుతుంది, మురుగు కలుస్తుంది, కవర్లు, థర్మాకోలు ముక్కలు మదుం (తూము) నోటికి అడ్డం పడతాయి. దిగువన పోటు సమయంలో సముద్రపు నీరు ఎదురు తంతుంది. వాన కురిసే వేళ పోటు కూడా కలిస్తే చావులమదుం, జ్ఞానాపురం లాంటి పల్లపు చోట్ల నీరు ఎటూ కదలదు. సముద్ర మట్టం కొద్దికొద్దిగా పెరుగుతున్న కొద్దీ ఈ ఎదురు పోటు మరింత ఎక్కువవుతుంది. అంటే గెడ్డ వెడల్పు, లోతు, పూడిక, ఆక్రమణ అన్నవి పారిశుద్ధ్య విభాగం పనులుగా కనిపించే వాతావరణ విధానాలు.

ఈ విధానాలపై నిర్ణయం ఎవరిది? 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పన్నెండో షెడ్యూలులో పట్టణ సంస్థలకు 18 అంశాలు ఉన్నాయి. పట్టణ ప్రణాళిక, నీటి సరఫరా, పారిశుద్ధ్యం, పట్టణ అడవులు, పర్యావరణ పరిరక్షణ అందులోవే. అంటే వాతావరణ మార్పును తట్టుకునే పనుల్లో అధిక భాగం, రాజ్యాంగం ప్రకారమైతే, మన వీధి చివర బ్యానరు కట్టుకుని తిరిగే అభ్యర్థి చేతిలోకి రావాలి. వచ్చిందా? మహా విశాఖ నగరపాలక సంస్థకు 2007లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2012లో ముగిసింది. తర్వాతి ఎన్నికలు 2021 మార్చిలో జరిగాయి. మధ్య తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారుల పాలనే. హుద్‌హుద్ వచ్చిన రోజు ఈ నగరంలో ఒక్క కార్పొరేటరు కూడా లేడు. కూలిన చెట్ల స్థానంలో ఏ చెట్లు నాటాలన్నదీ, 2016 జనవరిలో ప్రకటించిన తొలి 20 స్మార్ట్ సిటీల జాబితాలో చోటు దక్కాక ఆ డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలన్నదీ వార్డు ప్రతినిధులు లేకుండానే తేలిపోయింది. ఇంత పెద్ద విషయం మీద నగరంలో పెద్దగా గొడవ జరిగిన దాఖలా లేకపోవడం ఈ వ్యాసానికి సంబంధించి అన్నిటికంటే దిగులు కలిగించే సంగతి. కాబట్టి వాతావరణం కోసం వేసే ఓటు గురించి మాట్లాడే ముందు, ఓటు వేసే అవకాశం ఐదేళ్లకొకసారి గడువు తప్పకుండా రావాలని పట్టుబట్టడం అవసరం. రాజ్యాంగంలోని 243యు అధికరణం కూడా చెప్పేది అదే: పాలకవర్గం గడువు ఐదేళ్లు, ముగిసేలోగా ఎన్నిక.

నగరంలోని 98 వార్డుల్లో ప్రతి అభ్యర్థినీ ఒకటే అడగవచ్చు. ఈ వార్డు మీదుగా పోయే గెడ్డ ఏది, ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుంది? పూడిక ఏ నెలలో తీస్తారు? సమాధానం జూన్‌కు ముందు అయితే ఒక లెక్క. మొదటి వరద తర్వాత అయితే మరో లెక్క. తీసిన పూడికను గట్టు మీదే పోసి వెళ్లిపోతే తర్వాతి వానకు అది మళ్లీ గెడ్డలోకే చేరుతుందన్నది గట్టున ఉండే ప్రతి ఇల్లాలికీ తెలుసు. అభ్యర్థికి తెలుసో లేదో కనుక్కోవడం కష్టమేం కాదు.

తీరం విషయంలో నిర్ణయాలు మునిసిపల్ హద్దు దాటిపోతాయి. తూర్పు తీరం వెంబడి ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. ఔటర్ హార్బరు కోసం 1970లలో కట్టిన రాతి గట్లు ఆ ఇసుకకు అడ్డు నిలిచాయి. దాంతో ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కు అందాల్సిన ఇసుక అందడం లేదు. ఓడరేవు వైపు పోగయిన ఇసుకను డ్రెడ్జర్లతో తోడి బీచ్‌లో పోయడం అందుకే ఆనవాయితీ అయింది. సముద్రం దాన్ని మళ్లీ పట్టుకుపోతుంది, మళ్లీ పోస్తారు. 2021 డిసెంబరులో జవాద్ తుపాను తీరం తాకకుండానే బలహీనపడినా, ఆ అలల తాకిడికి బీచ్ రోడ్డు పక్కన పిల్లల పార్కు దగ్గర నేల కుంగి ప్రహరీ కూలింది. సముద్ర మట్టం పెరిగితే ఈ ఖర్చు పెరుగుతుందే గానీ తగ్గదు. ఇంకా ఎంతకాలం ఇసుక పోస్తూ ఉండాలి, తీరానికి ఎంత దూరం దాకా కొత్త కట్టడాలను అనుమతించాలి అన్నది రాష్ట్రం, కేంద్రం కలిసి తేల్చాల్సిన విషయం. 2019 జనవరిలో వచ్చిన తీర నియంత్రణ నిబంధనలు జనసాంద్రత ఎక్కువున్న గ్రామీణ తీరంలో కట్టడాలకు తావులేని పట్టీని 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించాయి. భీమిలి వైపు స్థలాల ధరలు తెలిసినవారికి ఈ 150 మీటర్ల విలువ వేరే చెప్పనక్కర లేదు. ఈ మార్పు మీద ఏ సభలోనైనా ఏ పార్టీ అయినా ఓటర్ల అభిప్రాయం అడిగిందా అంటే, అడగలేదనే చెప్పాలి.

పర్యావరణం ఎన్నికల అంశం కానే కాదని అనుకోవడం కూడా పొరపాటు. రుషికొండను తొలిచి కట్టిన భవనాల వివాదం హరిత ట్రిబ్యునల్, హైకోర్టు, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2024 ఎన్నికల్లో అది జోరుగా వినిపించింది. కానీ వినిపించినది ఏమిటి? గదుల విలాసం, ఖర్చయిన కోట్లు, అది ఎవరి నివాసం కోసమన్న వాదం. కొండ వాలు నరికితే వాన నీరు ఎటు పోతుంది, తీరం పక్కన తవ్వకానికి ఎవరు అనుమతించారు, ఆ అనుమతి పద్ధతిని ఎలా మార్చాలి అన్న ప్రశ్నలు ఆ హోరులో వెనక్కి పోయాయి. ప్రభుత్వం మారింది గానీ కొండల మీద అనుమతులిచ్చే పద్ధతి ఎన్నికల చర్చలోకి రాలేదు. అదే తీరంలో కొంచెం ఉత్తరాన ఉన్న ఎర్రమట్టి దిబ్బలు, వేల ఏళ్ల పాటు సముద్రం ముందుకూ వెనక్కూ జరిగిన చరిత్రను పొరలు పొరలుగా దాచుకున్నాయి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. సముద్రం జరుగుతుందనడానికి ఇంత పెద్ద సాక్ష్యం పక్కనే ఉన్న నగరాలు ఎక్కువ లేవు.

ఇక ఉద్గారాల సంగతి, అంటే గాలిలోకి మనం వదిలే కార్బన్ వాయువుల సంగతి. ఇక్కడ సాధారణంగా వినిపించే అభ్యంతరం బలమైనదే: భారతీయుడి తలసరి ఉద్గారాలు ప్రపంచ సగటులో సగం కూడా లేవు, పొగ పెట్టింది వేరేవారైతే మనం ఎందుకు ఉపవాసం ఉండాలి? న్యాయం దృష్ట్యా ఈ మాటకు తిరుగులేదు, అంతర్జాతీయ చర్చల్లో భారత్ దాన్ని గట్టిగా వినిపించడమూ సరైనదే. అయితే ఈ అభ్యంతరం గెడ్డకూ తీరానికీ వర్తించదు, ఎందుకంటే అవి మనల్ని మనం కాపాడుకునే పనులు. వాటి ఫలం పూర్తిగా ఇక్కడే దక్కుతుంది. ఉద్గారాల విషయంలో కూడా విశాఖ లెక్క కాస్త వేరు. పరవాడలో 2,000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ కేంద్రం, చమురు శుద్ధి కర్మాగారం, రెండు రేవులు, ఏటా 73 లక్షల టన్నుల సామర్థ్యం గల ఉక్కు కర్మాగారం ఉన్న నగరమిది. పారిశ్రామిక విధానం మారితే మొదట తెలిసేది ఇక్కడి జీతాల రోజునే.

ఉక్కు ఉదాహరణే చూద్దాం. బ్లాస్ట్ ఫర్నేసులో కోకింగ్ కోల్ అనే బొగ్గుతో టన్ను ఉక్కు తీస్తే దరిదాపు రెండు టన్నులో, అంతకంటే ఎక్కువో కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. 2024 డిసెంబరులో కేంద్రం హరిత ఉక్కుకు నిర్వచనం ఇచ్చింది: టన్నుకు 2.2 టన్నుల లోపు ఉద్గారాలుంటేనే ఆ ముద్ర. ఐరోపా సమాఖ్య దిగుమతి చేసుకునే ఉక్కు మీద, దాని తయారీలో వెలువడిన కార్బన్‌ను బట్టి వేసే సుంకానికి 2023 అక్టోబరు నుంచి లెక్కలు సేకరించి, 2026 జనవరి నుంచి అసలు దశ మొదలుపెట్టింది. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అన్న నినాదం 1966లో నగరాన్ని కదిలించింది. 2021 నుంచి ప్రైవేటీకరణ వ్యతిరేక శిబిరాల్లో మళ్లీ వినిపించింది. 2025 జనవరిలో కేంద్రం రూ.11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. హక్కు గురించీ, అప్పుల గురించీ, సొంత గనుల గురించీ అభ్యర్థులందరూ మాట్లాడతారు. ఈ ప్లాంటు ఫర్నేసులు పదిహేనేళ్ల తర్వాత ఏ ఇంధనంతో నడుస్తాయన్నది మాట్లాడినవారు అరుదు. అది పర్యావరణవేత్తల ప్రశ్న అనుకుంటే పొరపాటు. గాజువాకలో ఇల్లు కట్టుకోవడానికి ఇరవై ఏళ్ల లోను తీసుకున్న ఉద్యోగి ప్రశ్న అది. పార్లమెంటు అభ్యర్థిని అడగాల్సిన మొదటి వాతావరణ ప్రశ్న కూడా, కనీసం ఈ నియోజకవర్గంలో, అదే.

పార్టీలు చెప్పే అంకెలను చదవడంలోనూ కొంత నేర్పు కావాలి. విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదే కావాలన్న 2030 నాటి లక్ష్యాన్ని దేశం 2025లోనే చేరుకుంది. ఇది నిజమైన విజయం. కానీ సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు: సూర్యుడు రాత్రి ఉండడు కనుక, ఇళ్లకు వచ్చే కరెంటులో ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గుదే. సగం కరెంటు శుద్ధమైపోయిందని సభలో ఎవరైనా అంటే, సామర్థ్యమా ఉత్పత్తా అని ముందు వరసలోంచి ఒక్కరు అడిగినా చాలు.

రాష్ట్రం 2024 అక్టోబరులో సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం ప్రకటించింది, రూ.10 లక్షల కోట్ల పెట్టుబడులు, ఏడున్నర లక్షల ఉద్యోగాలు లక్ష్యమంది. 2025 జనవరి 8న పూడిమడకలో హరిత హైడ్రోజన్ హబ్‌కు ప్రధాని శంకుస్థాపన చేశారు. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో విశాఖలో డేటా సెంటరు కేంద్రం నిర్మిస్తామని ప్రకటించింది. ఈ పేర్లు వినగానే వాతావరణ విధానం బ్రహ్మాండంగా ఉందనిపించవచ్చు. తొందరపడకూడదు. డేటా సెంటర్లకు రాత్రీ పగలూ ఆగని కరెంటు కావాలి, యంత్రాలను చల్లబరిచే ఏర్పాటు కావాలి; ఏలేరు కాలువ, రైవాడ, తాటిపూడి, మేహాద్రిగెడ్డల మీద ఆధారపడి వేసవిలో రిజర్వాయరు మట్టాలు చూసుకుంటూ రోజులు లెక్కపెట్టే నగరంలో ఆ నీరు ఎక్కడిదన్న ప్రశ్నకు లిఖితపూర్వక సమాధానం అడగడం అభివృద్ధి వ్యతిరేకత కాదు. సౌర విద్యుత్తును నిల్వ చేయడానికి మన్యం కొండల్లో తలపెట్టిన పంప్డ్ స్టోరేజీ (నీటిని ఎత్తుకు తోడి, కావలసినప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే) ప్రాజెక్టులను అక్కడి ఆదివాసులు వ్యతిరేకిస్తున్నారు. అది ఆదివాసులకు రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ఐదో షెడ్యూలు ప్రాంతం, అక్కడి గ్రామసభలకు అధికారాలిచ్చిన 1996 నాటి పెసా చట్టం కింద గ్రామసభతో సంప్రదింపు తప్పనిసరి. నగరంలో ఏసీ తిరగడానికి కొండ మీద ఊరు కదలాలంటే, దానికి హరితమన్న పేరు పెట్టినంత మాత్రాన న్యాయం అయిపోదు. వాతావరణ ఓటు అంటే సోలార్ అన్న ప్రతి మాటకూ చప్పట్లు కొట్టడం కాదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

చిన్న విషయాల్లో కూడా విధానం తేడా తెలుస్తుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్ల సోలార్ పలకలకు రూ.78 వేల దాకా రాయితీ ఉంది. సొంత డాబా ఉన్నవారికి ఇది సులువు. ఎంవీపీ కాలనీలోనో మధురవాడలోనో ఇరవై ఫ్లాట్లకు ఒకే మేడ ఉన్న చోట ఆ పైకప్పు ఎవరిది, ఉత్పత్తయిన యూనిట్లు ఎవరి బిల్లులో తగ్గాలి అన్నది డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ), విద్యుత్ నియంత్రణ మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడపాల్సిన వ్యవహారం. శాసనసభ అభ్యర్థిని అపార్ట్‌మెంటు సంఘం ఇది అడిగితే మాటలతో తప్పించుకోవడం కష్టం.

మేనిఫెస్టోలో పచ్చదనం, పర్యావరణహితం, సుస్థిరం అన్న మాటలు ఎన్నిసార్లు వచ్చాయని లెక్కపెట్టడం వృథా. ఏ పని, ఏ చోట, ఏ ఏటికి, ఏ పద్దు నుంచి అన్న నాలుగూ ఉన్న వాక్యాలు వెతకాలి. అలాంటివి సాధారణంగా ఒక చేతి వేళ్లకు మించవు, కాబట్టి శ్రమ తక్కువ. అభ్యర్థి నామినేషనుతో ఇచ్చే ఫారం 26 ప్రమాణపత్రంలో ఆస్తులు, అప్పులు, కేసులు ఉంటాయి. క్వారీలో వాటాయో, లేఅవుట్ వ్యాపారమో, గెడ్డ పక్కన స్థలమో ఉంటే అక్కడ కొంత దొరుకుతుంది. అభ్యర్థి ఆసక్తులు ఏ వైపున్నాయో ప్రసంగం కంటే ఆ కాగితమే ఎక్కువ చెబుతుంది.

వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పౌరుడి హక్కని 2024 మార్చి 21న సుప్రీంకోర్టు ఒక తీర్పులో గుర్తించింది. రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల నుంచి ఆ హక్కు వస్తుందని చెప్పింది. ఇది పెద్ద మాట. కానీ కోర్టు గుర్తించిన హక్కు గెడ్డ దాకా రావాలంటే పద్దు రాయాలి, టెండరు పిలవాలి, గుత్తేదారు వెంటపడాలి. ఆ పనులు చేసేవారిని ఎంచుకునేది కోర్టు కాదు.

ఎంచుకునేవారి సంగతి చూస్తే, 2024 మే 13న రాష్ట్రంలో పోలింగ్ 80 శాతం దాటగా విశాఖ జిల్లా ఆ సగటుకు చాలా దిగువన ఉండిపోయింది. నగర ఓటరు బద్ధకస్తుడన్న నింద ప్రతి ఎన్నికకూ వినిపిస్తుంది, అందులో కొంత నిజం ఉండవచ్చు. మరో కారణం తక్కువ చర్చకు వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల నుంచి పనికి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఎన్నో కుటుంబాల ఓటు ఇప్పటికీ సొంత ఊళ్లోనే ఉంటుంది. పోలింగ్ రోజున ద్వారకా బస్‌స్టేషన్ నుంచి కిక్కిరిసి వెళ్లే బస్సులు చూస్తే ఆ బంధం ఎంత గట్టిదో తెలుస్తుంది. ఊరి ఓటుకు పలకరింపు ఉంది, బంధువుల లెక్కలున్నాయి, ఒక్కోసారి దారి ఖర్చులూ ముడతాయి. కానీ వాన కురిసిన రాత్రి వాళ్ల మోకాళ్ల దాకా వచ్చే నీరు ఈ నగరం గెడ్డదే. ఆ నీటికి జవాబు చెప్పాల్సిన వార్డు అభ్యర్థి జాబితా తెరిచి చూస్తే ఆ ఇంటి తలుపు నంబరు పక్కన పేర్లు ఉండవు, కాబట్టి అటు వైపు ప్రచారానికి కూడా రాడు. ఇల్లు మారినవారు ఫారం 8 నింపితే ఓటు కొత్త చిరునామాకు మారుతుంది. 18 నిండినవారు ఫారం 6తో చేరవచ్చు, దానికి ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు మొదటి తేదీలు నాలుగూ అర్హత తేదీలే. నగరపాలక ఎన్నికల వార్డు జాబితా తయారయ్యేది కూడా అసెంబ్లీ ఓటర్ల జాబితా నుంచే. గెడ్డ గట్టున అద్దెకున్న ఇంట్లో నలుగురు పెద్దవాళ్లుంటే, ఆ జాబితాలో ఆ ఇంటికి నాలుగు పేర్లు ఉన్నాయో లేదో ఫోనులోనే చూసుకోవచ్చు.